చెరువు మీద డాక్యుమెంటరీ: కెమెరా కన్నా నోట్‌బుక్కే ఎక్కువ పని చేసింది

చెరువు మీద డాక్యుమెంటరీ తీస్తున్నానని చెప్తే చాలు, అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "డ్రోన్ ఉందా?" రెండోది "ఏ కెమెరా?" ఆ చెరువుకి ఏమైందని అడిగినవాళ్లు తక్కువ. వాళ్లను తప్పు పట్టను. పర్యావరణం మీద వచ్చే వీడియోలు చూసీ చూసీ మన కళ్లకి ఒక మూస అలవాటైపోయింది. పైనుంచి తీసిన విశాలమైన షాటు, వెనక బరువైన సంగీతం, ఒక ముసలాయన ముడతల ముఖం, నల్ల తెర మీద రెండు వాక్యాలు. డ్రోన్ షాటు నా ఫిల్ములోనూ ఉంది. అనుమతులు చూసుకుని, అద్దెకు తెచ్చి తీశాం. ఎడిటింగ్‌కి వచ్చేసరికి అది కొన్ని సెకన్లకు కుదించుకుపోయింది. పైనుంచి చూస్తే చెరువు ఎంత పాడైందో తెలుస్తుంది గానీ, ఎలా పాడవుతోందో, ఎవరి బతుకు మీదికి వస్తోందో తెలియదు.

సంగతి ఇదీ. చెరువుకి ఎగువన కొన్ని ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ పెరిగిన కాలనీలు. ఆ మురుగంతా ఒకే కాలవలో కలిసి చెరువులోకి దిగుతుంది. దిగువన అందులో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు. రాత్రిళ్లు కాలవలోకి ఏదో వదులుతున్నారని, తెల్లారేసరికి చేపలు చచ్చి తేలుతున్నాయని వీళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెడుతున్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు మధ్యాహ్నం వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్తారు. రిపోర్టులో పెద్దగా ఏమీ ఉండదు. "మీ దగ్గర ఆధారం ఏముంది?" అని మళ్లీ వీళ్లనే అడుగుతారు.

ఆధారాలు లేక కాదు. వాళ్ల ఫోన్ల నిండా చచ్చిన చేపల ఫొటోలే. వాట్సాప్‌లో చేతులు మారీ మారీ వాటి తేదీ పోయింది, తీసిన చోటు పోయింది, సైజు కూడా చిక్కిపోయింది. ఫొటోతో పాటు ఫైల్లో దాక్కుని ఉండే వివరాలన్నీ అలా పంపినప్పుడు ఊడిపోతాయి. ఏ చెరువుదో, ఏ ఏడాదిదో తేలని ఫొటోని ఎవరి ముందు పెట్టినా "ఇది ఎక్కడిదైనా కావచ్చు" అనేస్తారు. అడ్డంగా వాదించినా ఎదురు నిలబడగలిగే ఫొటోలు తీయడం నా పని అని అప్పుడే అనుకున్నాను. అందంగా వస్తే అది అదనం.

ఈ పనికి ముందు చదువుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది లూయిస్ హైన్ పద్ధతి. అమెరికాలో బాల కార్మికుల సంగతి వెలికితీయడానికి నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ 1908లో ఆయన్ని ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. మిల్లుల్లోకి, గనుల్లోకి ఊరికే రానివ్వరు కదా. ఒకచోట బైబిళ్లు అమ్మేవాడిలా, ఇంకోచోట మెషిన్ల ఫొటోలు తీసేవాడిలా లోపలికి దూరేవాడు. తన కోటు గుండీల్లో ఏది నేలకి ఎంత ఎత్తో ముందే లెక్క పెట్టుకుని, వాటి పక్కన నిలబడ్డ పిల్లల ఎత్తు కొలిచేవాడు. జేబులో చెయ్యి పెట్టి కాగితం మీద గిలికేవాడు. నూలు మిల్లులో మెషిన్ పక్కన నిలబడ్డ ఒక అమ్మాయి ఫొటో కింద ఆమె ఎత్తు 51 అంగుళాలని, మిల్లులో చేరి ఏడాదైందని ఉంటుంది. ఫొటో ఒక్కటే ఉంటే యజమాని "ఆ పిల్లకి వయసుంది, చూడ్డానికే చిన్నగా ఉంటుంది" అనగలడు. ఆ అంగుళాల లెక్క ముందు మాట పెగలదు. ఆయన తీసినవి 5 వేలకు పైగా ఇప్పటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆ రాతలతో సహా ఉన్నాయి. ఇంత చేసినా అమెరికా అంతటికీ వర్తించి నిలబడ్డ చట్టం 1938లో గానీ రాలేదు. ఫొటో తీయగానే ప్రపంచం మారిపోతుందనే ఉత్సాహం ఎవరికైనా ఉంటే ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసి గోడకి అంటించుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ డొరోతియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలో తీసిన వలస కూలీ తల్లి ఫొటో. దాన్ని చూడనివాళ్లు అరుదు. ఆ తల్లి పేరు మాత్రం లాంజ్ అడగలేదు. 1978లో ఒక విలేఖరి ఆమె ఎక్కడుందో కనుక్కుని వెళ్తే, ఆ ఫొటో వల్ల తనకి ఒరిగిందేమీ లేదని ఆమె వాపోయింది. ఫొటో గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ నలభై ఏళ్లు ఆమె "ఒక పేద తల్లి"గా మాత్రమే మిగిలిపోయింది.

అందుకని నా నోట్‌బుక్కులో ఒక్కో ఫొటోకి ఒక్కో వరుస. తేదీ, టైము, నేను నిలబడ్డ చోటు, కెమెరా చూస్తున్న దిక్కు, గాలి ఎటు నుంచి, వాసన ఎలా ఉంది, పక్కన ఎవరున్నారు, వాళ్లు ఏమన్నారు. "ఏమన్నారు" అన్న గడిలో నా భాషలోకి మార్చకుండా వాళ్ల మాటే రాయడం అలవాటు చేసుకున్నాను. "నీళ్లు జిగటగా ఉన్నాయి, వల కడిగినా వదలట్లేదు" అని ఒకాయన అన్నది "నీరు కలుషితమైంది" అని రాస్తే ఎందుకూ కొరగాదు. చివర్లో ఇంకో రెండు గడులు: ముఖం చూపించవచ్చా, పేరు వేయవచ్చా. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ముఖానికి ఒప్పుకుని పేరుకి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, పేరు రాసుకోమని ముఖం వద్దన్నవాళ్లూ ఉన్నారు.

మొదట్లో చాన్నాళ్లు కెమెరా సంచిలోంచి బయటికి తీయలేదు. కట్ట మీద కూర్చోవడం, పడవలు తోయడానికి ఓ చెయ్యి వేయడం, అంతే. చేపలు ఏరి వేరు చేసే ఒకావిడ నన్ను కొన్నిసార్లు గమనించి తనే కదిపింది.

"ఫొటోలోళ్లు చానామందే వచ్చారు తమ్ముడూ. తీసుకెళ్లారు. మళ్లీ ఒక్కళ్లూ రాలేదు. మా ఆయన బొమ్మ ఎక్కడో పేపర్లో పడిందంట, మేం చూడనే లేదు."

"నేను తీసినవి ముందు మీకే చూపిస్తానక్కా."

"చూపిద్దువుగాని లే. ముందు ఆ బుట్ట ఇటు జరుపు."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అంతకుముందు తీసినవాటికి చిన్న ప్రింట్లు వేయించుకుని వెళ్లాను. ఇచ్చిన మాట నిలుపుకోవాలని మొదలుపెట్టిన పని అది, తీరా చూస్తే పరిశోధన దానితోనే సగం అయింది. చేతిలో ప్రింటు పడేసరికి మనుషులు కెమెరా ముందు చెప్పనివన్నీ చెప్పేస్తారు. ఒక పెద్దాయన తూము ఫొటో మీద వేలు పెట్టి, "ఇదుగో ఈ రాయి దాకా నీళ్లుండేవి మా చిన్నప్పుడు. ఈ రాయి మీంచి దూకేవాళ్లం" అన్నాడు. ఇప్పుడు ఆ రాయి చుట్టూ గుర్రపు డెక్క. ఇంకొకాయన ఫొటోలో మూల కనిపిస్తున్న పైపు చూసి, "ఇది ఎండాకాలం వేసింది, అంతకుముందు లేదు" అన్నాడు. ఆ పైపు నా కంటికి అసలు ఆనలేదు.

ఈ పనంతా చీకటితోనే మొదలుపెట్టాలి. ఫొటోగ్రాఫర్లకి తెల్లవారుజాము ఇష్టం, వెలుతురు మెత్తగా ఉంటుందని. మాకు ఆ వేళ కావలసింది ఆక్సిజన్ లెక్క కోసం. మురుగులో ఉండే నైట్రోజన్, ఫాస్ఫరస్ తిని చెరువులో పాచి విపరీతంగా పెరుగుతుంది. పగలు ఎండ ఉన్నంతసేపు ఆ పాచి నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది, మురుగుని కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా పీల్చుకుంటుంది. సూర్యోదయానికి కాస్త ముందు నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకి చేరుతుంది. లీటరుకి 5 మిల్లీగ్రాముల పైన ఉంటే చేపలకి హాయి. 2 కన్నా దిగిపోతే చాలా రకాలు బతకవు. ఆ సమయంలో ఎగువ నుంచి ఇంకాస్త మురుగు వచ్చి పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం అదే చోట మీటరు పెడితే అంకె బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అంటే తనిఖీ రిపోర్టు బాగుండడానికి కుట్ర ఏమీ అక్కర్లేదు, మధ్యాహ్నం రావడం చాలు.

కెమిస్ట్రీ పాఠాలు చెప్పే స్నేహితుడు ఒకడు ఆక్సిజన్ మీటరు పట్టుకుని నాతో వచ్చేవాడు. పడవ అంచున ట్రైపాడ్ నిలబడదు, అందుకని నీళ్లలోకి దిగిన మెట్టు మీద కెమెరాని దాదాపు నీటి మట్టానికి పెట్టాం. మొదట ఏమీ కనిపించదు. చప్పుడు వినిపిస్తుంది. చప్... చప్... అని, ఎవరో చీకట్లో పెదవులు చప్పరిస్తున్నట్టు. కాస్త వెలుగు రాగానే తెలుస్తుంది, చెరువు అంతటా చేపలు మూతులు పైకి పెట్టి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి. ఒక్కో మూతి చుట్టూ ఒక చిన్న వలయం. నీటి మీద వాన పడుతున్నట్టే ఉంటుంది, పైన మబ్బు ఉండదు. మీటరు, పక్కన చేతి గడియారం, వెనక ఆ వలయాలు, మూడూ ఒకే ఫ్రేములో వచ్చేలా తీశాం. అదే ఫ్రేమ్ మళ్లీ మధ్యాహ్నం. ఈ రెంటినీ ఫిల్ములో పక్కపక్కన పెట్టినప్పుడు వ్యాఖ్యానం అవసరం రాలేదు.

రంగు సంగతి కూడా చెప్పాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ కొంప ముంచేది ఇదే. ఒక రోజు కాలవ నీళ్లు తుప్పు ఎరుపులో వచ్చాయి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని బట్టి ఫొటో రంగుల్ని సర్దే అమరిక) ఆటోలో ఉంటే ఏం చేస్తుందంటే, ఫ్రేమంతా ఒకే రంగు కనిపించేసరికి అది వెలుతురు తేడా కాబోలనుకుని సర్దేస్తుంది. ఎర్ర నీళ్లు మామూలు బురద నీళ్లయిపోతాయి. ఫోన్లు అయితే ఇంకా ఉదారంగా ఆకాశాన్ని నీలం చేసి, ఆకుల్ని పచ్చగా చేసి పెడతాయి. పోలరైజర్ ఫిల్టరు పెడితే నీటి మీద మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది. ఉపయోగమే, కానీ నీళ్లు మన కంటికి కనిపించినదానికన్నా ముదురుగా వస్తాయి. అందుకని వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ (పగటి వెలుతురుకి సరిపోయే అంకె) దగ్గర లాక్ చేసి, తర్వాత రంగులు సరిచూసుకోవడానికి ప్రతి చోటా మొదటి ఫ్రేములో ఒక బూడిదరంగు కార్డు పట్టుకుని తీశాం. ఫిల్టరు పెట్టినప్పుడు పెట్టామని రాసుకున్నాం. ఎడిటింగ్‌లో రంగు కాస్త పెంచితే బాగుంటుందని సలహా ఇచ్చినవాళ్లున్నారు. పెంచితే ఫిల్ము బాగుంటుంది, కేసు పోతుంది. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి దశకు ముందు దాకా వచ్చిన ఎంట్రీల్లో 20 శాతాన్ని ఫొటోలో మార్పులు చేశారన్న కారణంతో తీసేశారు. ఒక్క చోట రంగు పెంచానని తెలిస్తే మిగతావన్నీ ఎవరూ నమ్మరు. ఒరిజినల్ ఫైళ్లు ముట్టుకోకుండా మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో.

ఒకే చోటి నుంచి మళ్లీ మళ్లీ తీయడం బోరు పని, కానీ ఇందులో బంగారం అంతా అక్కడే ఉంది. జర్మన్ శాస్త్రవేత్త సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ 1880ల చివర్లోనే ఆల్ప్స్ పర్వతాల్లో మంచు నదుల్ని ఇలా ఒకే చోటి నుంచి తీసి మార్పు కొలిచాడు. కరిగిపోతున్న మంచు నదుల్ని తీయడానికి అమెరికన్ ఫొటోగ్రాఫర్ జేమ్స్ బాలోగ్ 2007లో మొదలుపెట్టిన ఎక్స్‌ట్రీమ్ ఐస్ సర్వే కూడా అదే సూత్రం, మనిషికి బదులు కెమెరాని అక్కడే బిగించి వదిలేశారు. మేం చేసింది చాలా చిన్న పని. కట్ట మీద, తూము దగ్గర, అలుగు దగ్గర రాళ్ల మీద పెయింటుతో గుర్తులు పెట్టి, అదే లెన్సుతో, అదే ఎత్తులో తీస్తూ పోయాం. వెనక్కి వెళ్లి తీయలేని సంవత్సరాలకి ఉపగ్రహ చిత్రాలున్నాయి. అమెరికా ఉపగ్రహాల వరుస ల్యాండ్‌శాట్ 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తోంది, 2008 నుంచి అవన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. పాత ల్యాండ్‌శాట్ బొమ్మల్లో మన చెరువు నాలుగు చుక్కలంత ఉంటుంది, నిజమే. అయినా ఆ చుక్కలు ఏ ఏడు నుంచి చిక్కిపోయాయో పెద్దాయన చెప్పిన "రాయి దాకా నీళ్లు" మాటతో సరిపోయింది. ఆయన మాటకి ఉపగ్రహం సాక్ష్యం చెప్పింది అనను. ఆయన ముందే చెప్పాడు, మేం ఆలస్యంగా చూశాం.

ఇంటర్వ్యూల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫ్యాన్ ఆపాలి, కాలర్ మైకు పెట్టాలి, ట్యూబ్‌లైటు కింద గీతలు కదలకుండా షట్టర్ సెకనులో 50వ వంతు దగ్గర ఉంచాలి, ఆ గది చప్పుడు విడిగా ఓ నిమిషం రికార్డు చేసుకోవాలి. జవాబు అయిపోయాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా నోరు మూసుకుని కూర్చోవడం అన్నిటికన్నా కష్టం. అసలు మాట ఆ గ్యాపులోనే వస్తుంది.

ఒకసారి వల విసరడం తీస్తుంటే సరిగ్గా ఆ క్షణంలో పక్క పడవ అడ్డొచ్చింది. వల వేసినాయన నవ్వి, "మళ్లీ వెయ్యమంటారా? ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు" అన్నాడు. వద్దన్నాను. దీని మీద డాక్యుమెంటరీవాళ్ల మధ్య వందేళ్లుగా గొడవ ఉంది. రాబర్ట్ ఫ్లాహెర్టీ 1922లో విడుదల చేసిన ఫిల్ములో ఇనూయిట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసీ) కుటుంబం నిద్రపోయే మంచు ఇంటికి ఒక పక్క గోడ లేదు. కెమెరాకి వెలుతురు చాలదని అలా కట్టించాడు. నిద్రపోయే సీను కోసం అలా చేస్తే కొంతమంది క్షమిస్తారు. కానీ ఎగువవాళ్లతో తగాదా ఉన్న చోట ఒక్క వల కూడా "చెప్పి వేయించారు" అనిపించుకోకూడదు. పడవ అడ్డొచ్చిన షాటే ఫిల్ములో ఉంది. పక్క పడవ కుర్రాడు కెమెరాని చూసి సిగ్గుపడి తల దించుకోవడం కూడా ఉంది. నాకు అదే ఇష్టం.

పిల్లల విషయం దగ్గర చాలా ఆలోచించాల్సి వచ్చింది. కాలవ పక్క ఇంట్లో ఒక పాపకి చర్మం మీద దద్దుర్లు. తల్లిదండ్రులే పిలిచి, "తియ్యండి బాబూ, జనానికి తెలియాలి" అన్నారు. తీసి ఉంటే ఫిల్ములో అందరినీ కదిలించేది అదే అయ్యేది. నాకు మినమాటా గుర్తొచ్చింది. జపాన్‌లోని ఆ ఊళ్లో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల్లోకి చేరింది. జబ్బుని గుర్తించింది 1956లో, ఫ్యాక్టరీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. యూజీన్ స్మిత్, ఐలీన్ స్మిత్ దంపతులు 1971లో వెళ్లి మూడేళ్లు అక్కడే ఉండి ఫొటోలు తీశారు. పుట్టుకతోనే ఆ విషం బారిన పడ్డ కూతురిని స్నానాల తొట్టెలో ఒడిలో పట్టుకున్న తల్లి ఫొటో ప్రపంచాన్ని కదిలించింది. ఆ అమ్మాయి 1977లో చనిపోయింది. ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంది. ఇక తమ బిడ్డని విశ్రాంతిగా ఉండనివ్వాలని తల్లిదండ్రులు కోరుకున్నారని తెలిసి, 1998లో ఐలీన్ ఆ ఫొటో మీద నిర్ణయాన్ని వాళ్లకే అప్పగించింది. చాలా ఏళ్లపాటు దాన్ని కొత్తగా అచ్చుకి ఇవ్వలేదు.

అలాగని ఎప్పుడూ తీయకూడదని కూడా అనలేను. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు ప్రమాదం తర్వాత మట్టిలో పూడుస్తున్న పసివాడి ముఖాన్ని రఘు రాయ్ నలుపు తెలుపులో, పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశారు. ఆ బిడ్డ ఎవరో ఇప్పటికీ తెలియదు. అనుమతి అడగడానికి ఎవరున్నారు? ఆ ఫొటోలు లేకపోతే బయటి ప్రపంచం భోపాల్‌ని ఇంతగా గుర్తుపెట్టుకునేదా? అక్కడ తీయడమే సరైందని నా అభిప్రాయం. మా పాప విషయం వేరు. ఆమె రేపు పెద్దదవుతుంది, బడికి వెళ్తుంది, ఎవరో ఫోన్లో ఆ వీడియో తెరిచి చూపిస్తారు. పైగా ఆ దద్దుర్లు చెరువు నీళ్ల వల్లేనని ఏ డాక్టరూ తేల్చలేదు. తేలనిదాన్ని చూపించి కన్నీళ్లు పెట్టిస్తే అవతలివాళ్లకి మనమే ఆయుధం ఇచ్చినట్టు. తల్లి మాట మాత్రం రికార్డు చేశాను, ఆమె చేతులు చూపిస్తూ.

ఫ్యాక్టరీల వైపు వాదన కోసం రాతపూర్వకంగా అడిగాం. జవాబు రాలేదు, ఆ మాటే ఫిల్ములో వేశాం. అయితే వాటిలో పనిచేసేవాళ్లలో సగం మంది ఈ చెరువు దిగువ ఊళ్లవాళ్లే. ఇది మొదట్లో నేను అనుకున్న కథలో లేదు. తండ్రి చెరువులో, కొడుకు ఫ్యాక్టరీలో ఉన్న ఇళ్లున్నాయి. మంచివాళ్లు ఇటు, చెడ్డవాళ్లు అటు అని గీత గీయడం కుదరలేదు. ఎడిటింగ్ బల్ల మీద నాకు ఎక్కువ టైము పట్టింది ఈ ఇళ్ల దగ్గరే.

కట్ పూర్తయ్యాక ముందు ఇచ్చిన మాట ప్రకారం చెరువు దగ్గరే తెల్ల గుడ్డ కట్టి వేశాం. నవ్వుకున్నారు, ఒకరినొకరు చూపించుకున్నారు, పాత రాయి దగ్గర పెద్దాయన మాటలకి చప్పట్లు కొట్టారు. అయిపోయాక మొదట మాట్లాడింది బుట్ట జరపమన్న అక్కే.

"అంతా బాగుంది తమ్ముడూ. నిజమే చూపించావు. కానీ ఇది చూసినోళ్లు రేపట్నుంచి మా చేప కొంటారా?"

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆమెనే సమర్థించారు. కాలుష్యం చేసినవాడికి ఫిల్ము వల్ల ఏం నష్టమో తెలియదు గానీ, చెరువు పేరుతో అది బయటికి వెళ్తే వీళ్లకి మాత్రం మర్నాటి నుంచే దెబ్బ. పర్యావరణ ఫిల్ములు తీసేవాళ్లకి ఈ ప్రశ్న ముందే రావాలి: ఈ కథ బయటపడ్డాక మొదట నష్టపోయేది ఎవరు? చాలాసార్లు అది బాధితులే.

ఆ రాత్రి అక్కడే కూర్చుని అందరం కలిసి ఒక ఏర్పాటుకి వచ్చాం. పని రెండుగా విడదీశాం. బయట వేసే ఫిల్ములో చెరువు పేరు, ఊళ్ల పేర్లు, గుర్తుపట్టే బోర్డులు ఉండవు. ఫైళ్లలో లొకేషన్ వివరాలు కూడా తుడిచేశాం. ఆ ఫిల్ము కాలేజీల్లో, చిన్న సభల్లో చూపించేది, ఇలాంటి చెరువులు చాలా చోట్ల ఉన్నాయి కాబట్టి దేనికైనా సరిపోతుంది. రెండోది ఫిల్మే కాదు, ఒక ఫైలు. అందులో సంగీతం లేదు, ముఖాలు లేవు. తేదీలు, టైములు, దిక్కులు, మీటరు అంకెలు, ఒకే చోటి నుంచి తీసిన ఫొటోల వరుస, నోట్‌బుక్కు నకలు. ఇది అధికారుల కోసం, పూర్తి పేర్లతో. ఈ వ్యాసంలో చెరువు పేరు కనిపించకపోవడానికీ కారణం అదే.

ఆఫీసులో ఫిల్ము చూసే తీరిక ఎవరికీ లేదు, ఫైలు మాత్రం తిరగేశారు. తెల్లవారుజాము ఫొటో దగ్గర ఆగి ఒకాయన మొదట అడిగింది, "ఈ మీటరు క్యాలిబ్రేట్ చేసిందేనా?" మీటరు అంకె సరిగ్గా చూపిస్తోందో లేదో ముందే సరిచూసి సర్దడమే క్యాలిబ్రేషన్. నా స్నేహితుడు ప్రతిసారీ అది చేస్తూ ఫొటో తీయించేవాడు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను, నోరు మెదపకుండా ఆ పేజీ తీసి చూపించాను. ఆయన ఇంకేమీ అనలేదు. కొన్ని వారాలకి శాంపిల్ తీయడానికి మొదటిసారి తెల్లారక ముందే మనుషులు వచ్చారు.

ఫిల్ము ఇప్పుడు మొదట ఉన్నంత పొడవు లేదు. కొడుక్కి ఎగువ ఫ్యాక్టరీలో పని దొరికిందని ఒకాయన ఫోన్ చేసి, తన మాటలు తీసేయమన్నాడు. చాలా మంచి ఇంటర్వ్యూ అది. ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తానని కెమెరా ముందే చెప్పి ఉన్నాను కాబట్టి తీసేశాను. ఆ చోట కథ కాస్త గెంతినట్టు ఉంటుంది. చూసినవాళ్లు అడిగితే అక్కడ ఒకాయన ఉండేవాడని మాత్రం చెప్తాను.

రాళ్ల మీది గుర్తుల దగ్గర ఇప్పుడు ఫొటోలు తీస్తున్నది అక్కడి కుర్రాళ్లే, ఫోన్లతో. వైట్ బ్యాలెన్స్ లాక్ చేసే యాప్ వేసిచ్చాం, పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని చెప్పాం. అలా పంపితే వివరాలు ఊడిపోవు. పడవ అడ్డొచ్చిన షాటులో సిగ్గుపడ్డ కుర్రాడే నోట్‌బుక్కు రాస్తున్నాడు. నాకన్నా చేతిరాత బాగుంటుంది. తెల్లవారుజామున తీసిన శాంపిళ్ల రిపోర్టు నకలు కావాలని అందరి సంతకాలతో అర్జీ పెట్టాం. ఇంకా రాలేదు.